మెరక నేల మీద విద్యాలయం: కట్టమంచి రామలింగారెడ్డి గారు

ప్రత్యేక సంచికకు ఒక తెలుగు పెద్దమనిషి జీవితం గురించి రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరినప్పుడు నేను సర్ కట్టమంచి రామలింగారెడ్డి గారి పేరు చెప్పాను. తెలుగు మాస్టార్లు ఇంతమంది ఉండగా సర్వే శాఖలో గొలుసు లాగినవాడికి సి.ఆర్. రెడ్డి గారితో పనేమిటని ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. కవిగా, విమర్శకుడిగా ఆయనను తలచుకోవడానికి యోగ్యులు వేరే ఉన్నారు, కాదనను. నేను చెప్పదలచుకున్నది ఆయన జీవితంలో భూమికి సంబంధించిన భాగం. ఒక విశ్వవిద్యాలయం ఏ ఊళ్ళో ఉండాలి, ఎలాంటి నేల మీద ఉండాలి, ఆ ఊరికీ దానికీ పొత్తు ఎలా కుదరాలి అన్న చిక్కు తెలుగునాట మొట్టమొదట వచ్చింది ఆయన నెత్తిమీదికే. అదే చిక్కు ఇవాళ మన నూజివీడు మామిడి తోటల మధ్యకు కూడా వచ్చి కూర్చుంది కనుక ఈ నాలుగు మాటలు.

రెడ్డిగారు 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కనున్న కట్టమంచి గ్రామంలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు న్యాయవాది. తల్లి నారాయణమ్మ గారు. చిత్తూరులో చదువు అయ్యాక మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అక్కడ చదువుకుంటూ, ఇరవై ఏళ్ళు నిండకముందే, పోటీకి రాసి బహుమతి పొందిన కావ్యం ‘ముసలమ్మ మరణం’. కథ మనలో చాలామందికి తెలిసినదే. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడే స్థితి వస్తుంది. ఊరు మునగకుండా ఉండాలని ముసలమ్మ అనే ఇల్లాలు తన ప్రాణం అర్పిస్తుంది. పండితులు ఆ కావ్యంలో నవ్యకవిత్వపు తొలి అడుగులు చూశారు. నాకు మాత్రం అందులో చెరువు కట్ట కనిపిస్తుంది. పల్లపు ఊరు, మీద పెద్ద చెరువు, నడుమ ఒక మట్టి గట్టు. రాయలసీమలో పెరిగిన కుర్రవాడికి నీరు ఎటు పారుతుందో, కట్ట తెగితే ఊరు ఏమవుతుందో ఒకరు చెప్పనక్కరలేదు కదా.

తరువాతి జీవితం త్వరగా చెబుతాను. ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద కేంబ్రిడ్జి వెళ్ళి సెయింట్ జాన్స్ కళాశాలలో చదివారు. అక్కడి విద్యార్థి సంఘమైన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షులైన తొలి భారతీయుడు ఆయనే. తిరిగివచ్చాక బరోడా కళాశాలలో అరవిందులు విడిచిన వైస్ ప్రిన్సిపాల్ స్థానంలో పనిచేశారు. అక్కడినుంచి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా, ప్రిన్సిపాల్‌గా, ఆ పిమ్మట ఆ సంస్థానం విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. ఒక విశ్వవిద్యాలయం పుట్టడం ఎలా ఉంటుందో దగ్గరనుంచి చూశారన్నమాట. 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’ కూడా మైసూరు రోజులదే. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని కొత్త కొలబద్దతో కొలిచిన పుస్తకం అది. దాని మీద నడిచిన వాదోపవాదాలు మన తెలుగు మాస్టార్లు చెప్పాలి.

1921లో మైసూరు ఉద్యోగం వదులుకొని మద్రాసు రాజకీయాల్లోకి దిగారు. మొదట జస్టిస్ పార్టీలో ఉండి, తరువాత విడిపోయి, 1923 నవంబరులో శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానానికి నాయకత్వం వహించారు. తీర్మానం వీగిపోయింది. మన దేశపు శాసనసభల్లో అలాంటి తీర్మానం అదే మొదటిదంటారు. పెళ్ళి చేసుకోలేదు. మాట పదును. ఎదుటివారు ఎంత పెద్దవారైనా ఆ పదును తగ్గేది కాదట. ఈ గుణం ఆయనకు మిత్రులను ఎందరిని ఇచ్చిందో శత్రువులను అంతకు తక్కువ ఇవ్వలేదు.

ఇక అసలు సంగతి. ఆంధ్రులకు ఒక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక ఆంధ్రోద్యమంతో పాటే మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రిగా ఉన్న ఎ.పి. పాత్రో గారి కాలంలో బిల్లు వచ్చి చట్టమైంది. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. రామలింగారెడ్డి గారు తొలి ఉపాధ్యక్షులు, అంటే ఇప్పటి వాడుకలో వైస్ చాన్సలర్. మన కృష్ణా జిల్లాలో, నూజివీడుకు నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, తెలుగువారి మొదటి విశ్వవిద్యాలయం పుట్టిందని ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఆంధ్రా యూనివర్సిటీ అంటే వారికి విశాఖపట్నమే.

పుట్టింది కానీ కాలు నిలవలేదు. పేరూ చట్టమూ ఉన్నాయి, సొంత నేల లేదు. ఎక్కడ స్థిరపడాలన్న తగాదా నాలుగేళ్ళు సాగింది. బెజవాడ వారు నడిమధ్యన ఉన్నాం, రైళ్ళన్నీ మా దగ్గరే కలుస్తాయన్నారు. రాజమండ్రి వారు చదువులకు పాత నెలవు మాది అన్నారు. విశాఖపట్నం వారు మాకు వైద్య కళాశాల ఉంది, రేవు కడుతున్నారు, కొండల మీద గాలి మంచిది అన్నారు. సీమవారు అనంతపురం కావాలన్నారు. శాసనమండలిలో, సెనేట్‌లో, పత్రికల్లో ఇదే గొడవ. రెడ్డిగారి స్థితి ఊహించుకోండి. ఆయన స్వయంగా చిత్తూరు జిల్లా మనిషి. సొంత సీమ అటు, కోస్తా జిల్లాలు ఇటు. చివరకు చట్టం సవరించి విశాఖపట్నం ఖాయం చేశారు. 1930లో కార్యాలయం బెజవాడ నుంచి వాల్తేరుకు తరలిపోయింది. రాయలసీమ జిల్లాలు మద్రాసు విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయాయి. ఆ బాధ తీరనందునే 1937 శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది 1954లో. అప్పటికి రెడ్డిగారు లేరు.

బెజవాడ ఎందుకు నిలుపుకోలేకపోయిందన్నదానికి రాజకీయ కారణాలు చరిత్రకారులు చెబుతారు. సర్వేయరుగా నా లెక్క ఒకటి ఉంది. బెజవాడ పటం తీసి చూడండి. ఒక పక్క కృష్ణ, ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఊరి మధ్యలోనుంచి కాలువలు, మిగిలిన సందులో రైలు పట్టాలు. వాటి అవతల ఉన్నదంతా ఆనకట్ట నీటితో పండే మాగాణి. అలాంటి చోట వందల ఎకరాలు ఒక్క చెక్కగా కావాలంటే వరి పండే భూమిని పూడ్చాలి, లేకపోతే ఊరికి దూరంగా పోవాలి. వాల్తేరులో అలా కాదు. సముద్రం నుంచి లేచిన ఎర్రమట్టి మెరక. వరికి పనికిరాదు, ఇళ్ళు అప్పటికి పలచన. ఎక్కడ చూసినా వాన నీరు నిలవకుండా పల్లానికి జారిపోయే వాలు. కట్టడాలకు అంతకంటె మంచి నేల ఏముంటుంది?

ఇంకొక మాట. అదే పదేళ్ళలో విశాఖపట్నానికి మూడు పెద్ద పనులు వచ్చిపడ్డాయి. రేవు కట్టడం జరుగుతోంది, 1933లో దానిని ప్రారంభించారు. దానికోసం రైలు మార్గాలు, యార్డులు కావలసి వచ్చాయి. విశ్వవిద్యాలయం మూడవది. అప్పట్లో విశాఖ లక్ష జనాభా కూడా లేని ఊరు. మూడూ ఒకే నేల కోసం కొట్టుకుని ఉంటే ఏమయ్యేదో! కానీ రేవు పల్లంలోని ఉప్పుటేటి బురదను తవ్వుకుని లోపలికి వెళ్ళింది. రైలు చదును నేలను పట్టుకుంది. చదువు మెరకనెక్కింది. ఒకరి నేల జోలికి ఒకరు పోలేదు. ఎవరో ఒకరు కూర్చుని అంతా ఒకే కాగితం మీద గీశారని నేను అనను. నేల వాలు కొంత, ఊరి పెద్దల ఇష్టం కొంత కలిసివచ్చాయి. అయినా ఫలితం ఇప్పటికీ కంటికి కనబడుతుంది. తరువాత నగరం పెరిగి విశ్వవిద్యాలయాన్ని నాలుగు వైపులా చుట్టుకుంది. 1978లో పట్టణాభివృద్ధి సంస్థ, 1979లో నగరపాలక సంస్థ వచ్చేనాటికే నగరం నడుమ నాలుగు వందల ఎకరాల పైన చెట్లూ భవనాలూ ఉన్న చోటు సిద్ధంగా ఉంది. ఆ రోజున పొదుపు చేసి వంద ఎకరాలతో సరిపెట్టి ఉంటే తరువాత ఏ ధరకూ దొరికేది కాదు.

నేల దొరికితే సరిపోతుందా? దాని మీద నిలబెట్టడానికి డబ్బు కావాలి. ఇక్కడ జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారిని తలచుకోక తప్పదు. ఏటా లక్ష రూపాయల చొప్పున ఆయన ఇచ్చిన విరాళం మీదనే సైన్సు, సాంకేతిక కళాశాల నిలబడింది. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో పెన్షనర్లకు వేరే చెప్పాలా!

వాల్తేరు వెళ్ళిన కొద్దికాలానికే రెడ్డిగారు పదవి వదులుకున్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం మీద ప్రభుత్వం సాగించిన నిర్బంధానికి నిరసనగా రాజీనామా చేశారు. తాను నాలుగేళ్ళు మోసిన సంస్థకు నేల చిక్కిన తరుణంలో, కట్టడాలు లేవవలసిన సమయంలో వదిలిపెట్టడం చిన్న విషయం కాదు. ఆయన తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ఎం.ఎ., ఆనర్సు తరగతులు, సైన్సు శాఖలు ఆయన హయాంలోనే నిలదొక్కుకున్నాయి. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, టి.ఆర్. శేషాద్రి, సూరి భగవంతం వంటివారు ఆ కొండమీద పాఠాలు చెప్పారు. 1936లో రాధాకృష్ణన్ గారు వెళ్ళగానే రెడ్డిగారు తిరిగి అదే కుర్చీలోకి వచ్చి 1949 దాకా ఉన్నారు. రెండు విడతలూ కలిపితే పదిహేడేళ్ళ పైమాట.

రెండవ విడతలో వచ్చిన పెద్ద ఆపద యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పరుగెత్తిన సంగతి మా పెద్దల నోట చాలాసార్లు విన్నాను. విశ్వవిద్యాలయం భవనాలు సైన్యం చేతిలోకి వెళ్ళాయి. కష్టపడి సంపాదించిన మెరక, యుద్ధకాలంలో అదే మెరక అయినందుకు చేజారింది. సముద్రం మీద చూపు ఆనే ఎత్తైన చోటు సైన్యానికి కావాలి మరి. రెడ్డిగారు విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. అరవై ఏళ్ళు దాటిన వయసులో, యుద్ధపు కరువు రోజుల్లో, మరొక ఊరిలో చోటు వెతుక్కుని తరగతులు ఆగకుండా నడపడం ఆయన చేసిన పనులన్నిటిలోకి గొప్పదని నా అభిప్రాయం. ఆ కథ ఎవరూ సరిగా చెప్పరు. యుద్ధం ముగిశాక మళ్ళీ వాల్తేరు చేరారు. ఆయనకు సర్ బిరుదు వచ్చింది కూడా 1942లోనే.

1948లో అరవిందులకు విశ్వవిద్యాలయం జాతీయ బహుమతి ప్రకటించింది. పుదుచ్చేరి వెళ్ళి స్వయంగా అందజేశారు రెడ్డిగారు. బరోడాలో తాను ఎవరి స్థానంలో చేరారో ఆయనకే, నలభై ఏళ్ళ తరువాత. 1949లో వి.ఎస్. కృష్ణ గారికి పదవి అప్పగించి మైసూరు విశ్వవిద్యాలయం ప్రో చాన్సలర్‌గా వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 24న పరమపదించారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. నూజివీడు పేరు నువ్వుల చేల వీడు అన్న మాట నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. నువ్వుచేలు పోయి మామిడి తోపులు వచ్చాయి. మేకావారి జమీందారీ, 1948 చట్టంతో దాని రద్దు, ఆ తరువాత సర్వే సెటిల్మెంటు, ఇవన్నీ నేను శాఖలో చేరకముందే ముగిసిపోయాయి. కానీ ఆ తోపుల హద్దురాళ్ళు నా చేతిమీదుగా ఎన్నో కొలతలకు వచ్చాయి. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, తోతాపురి పండే ఈ నేల కూడా వాల్తేరు లాంటి ఎర్ర మెరకే. తేడా ఒకటే. అక్కడ మెరక చాలావరకు ఖాళీ. ఇక్కడ మెరకంటే తోట. నాటిన అయిదారేళ్ళకు కాపు కనిపించినా పదేళ్ళు దాటితే గానీ తోట అనిపించుకోదు. కాగితం మీద మెట్ట అని ఒక్క మాటలో రాసేస్తాం. ఆ మాట కింద తాత నాటిన చెట్టు ఉంటుంది.

నా బి.ఎ. పట్టా మీద వాల్తేరు ముద్రే ఉంది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన జిల్లా కళాశాలలన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందివే. ఆ సమయంలో, 1974 నుంచి 1980 దాకా, రెడ్డిగారు కూర్చున్న అదే కుర్చీలో కూర్చున్నది మన నూజివీడు జమీందారీ కుటుంబానికి చెందిన ఎం.ఆర్. అప్పారావు గారు. మన శాసనసభ్యులుగా, మంత్రిగా పనిచేసినవారు, 2003లో స్వర్గస్థులయ్యారు. ఇప్పుడు కృష్ణా విశ్వవిద్యాలయం కిందున్న మన ఊరి పి.జి. కేంద్రం ఆయన పేరు మీదనే ఉంది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనం ట్రిపుల్ ఐటీ అంటున్నది, వచ్చింది. పల్లెల పిల్లలు పదో తరగతి మార్కులతో వచ్చి ఆరేళ్ళు ఇక్కడే ఉండి ఇంజనీర్లయి వెళుతున్నారు. మన సభ్యుల మనుమలు, మనుమరాళ్ళు ఎందరో అందులో ఉన్నారు. ఇది మన అదృష్టం, సందేహం లేదు.

అయితే వేలమంది పిల్లలు ఒక చిన్న ఊరి పక్కకు వస్తే వారి వెంట అన్నీ వస్తాయి. హోటళ్ళు, అద్దె గదులు, ఆటోలు, ఆపైన ప్లాట్లు. తోట కొట్టేసి రాళ్ళు పాతడం మొదలైంది. 2006లో వచ్చిన చట్టంతో రుసుము కట్టి వ్యవసాయ భూమిని మార్చుకునే వీలు వచ్చింది. రిటైరైన మనవాళ్ళు గ్రాట్యుటీ, కమ్యూటేషన్ డబ్బులు పెట్టి కొన్నవారు తక్కువేమీ కాదు. మా వీధి అలాంటిదే. మీద తోటల నుంచి వాన నీరు తెచ్చే చిన్న వాగు ఒకటి అక్కడ ఉండేది. సర్వే పటంలో రెండు గీతలుగా స్పష్టంగా ఉంది. లేఅవుటు వేసినవారు, వారి పేరు ఇక్కడ అనవసరం, దాన్ని మట్టితో పూడ్చి మూడు ప్లాట్లు చేశారు. నీరు మాత్రం పటం మరచిపోలేదు. ఆషాఢం వచ్చేసరికి మా ఇళ్ళ ముందు మోకాలి లోతు. మా పక్కింటి హెడ్ మాస్టరు గారు తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నది ఆ నీటిలో జారిపడే.

విశ్వవిద్యాలయానికి భూమి ప్రభుత్వ ఉత్తర్వుతో వస్తుంది. ఊరి మాస్టర్ ప్లాను మున్సిపాలిటీ గీస్తుంది. చుట్టుపక్కల పంచాయతీలకు వాటి దారి వాటిది. మూడు కార్యాలయాల్లో మూడు ఫైళ్ళు. ప్రహరీ లోపల రోడ్డు ఎటు, బయట రోడ్డు ఎటు, లోపలి వాన నీరు బయట ఏ కాలువలో కలవాలి, పిల్లలకు అద్దె ఇళ్ళు ఏ వైపు పెరగాలి, ఏ తోపులు ముట్టుకోకుండా ఉంచాలి అన్నవి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే పటం మీద తేల్చుకోవలసిన విషయాలు. వాల్తేరులో నేల వాలు చాలా పని చేసిపెట్టింది. ఇక్కడ తోటలు నిండి ఉన్నాయి కనుక మనుషులే కూర్చుని చేసుకోవాలి. మెరక మీద చదువు కట్టినప్పుడు పల్లంలో ఉన్నవాడి గురించి కూడా ఆలోచించాలని ముసలమ్మ కథ రాసిన మనిషికి చెప్పనవసరం లేకపోయేది.

మన సంఘంలో సర్వే వారున్నారు, ఆర్ అండ్ బి ఇంజనీర్లున్నారు, వ్యవసాయ శాఖ వారున్నారు, పొలాల పేర్లు నోటికి వచ్చిన గ్రామోద్యోగులున్నారు. అందరం కలిసి పాత సర్వే పటాలను పట్టుకుని ఊరి చుట్టూ ఉన్న వాగులు, డొంకలు, ముదురు తోపులు గుర్తించి ఒక పటం మీదకు ఎక్కించి, మున్సిపాలిటీకీ రెండు విద్యాసంస్థలకూ తలా ఒక ప్రతి ఇద్దామని నిరుడు దసరాలకు అనుకున్నాం. ఏమిస్తారని ఎవరినీ అడగడం లేదు. ముగ్గురి దగ్గరా ఒకే పటం ఉంటే మాట్లాడుకోవడానికి మొదలు దొరుకుతుందని ఆశ. 2022 ఏప్రిల్ 4 నుంచి మన నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది కాబట్టి కొన్ని కాగితాల కోసం మచిలీపట్నం, కొన్నిటి కోసం ఏలూరు తిరగవలసి వస్తోంది. ఏలూరులో 1945 నుంచి నడుస్తున్న కళాశాల సర్ సి.ఆర్. రెడ్డి గారి పేరు మీదదే. ఆ ఊరు వెళ్ళిన రోజున మనవాళ్ళలో ఎవరో ఒకరు ఆ బోర్డు చూసి నాకు చెబుతూనే ఉన్నారు.

ఆదివారాలు ఉదయం ఆరున్నరకు బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగివస్తున్నాం. ఇప్పటికి మూడు వాగుల జాడ దొరికింది. నాలుగవది ఒక తోటలోనుంచి పోతుంది. కాయ కోత అయ్యాక రమ్మన్నాడు రైతు. మోకాళ్ళు సహకరించే సభ్యులు జూన్ మొదటి ఆదివారం రావచ్చు. గొడుగు, మంచినీళ్ళ సీసా తెచ్చుకోవాలి. గొలుసు నా దగ్గర ఉంది.